సూది గుచ్చుకున్న సంగతి ఎవరికి చెప్పారు? ఒక థీసిస్ డైరీ

జనవరి 19

నర్సులపై చేయబోయే నా థీసిస్ సర్వేకు ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి పత్రం ఈ రోజు చేతికి వచ్చింది. రెండుసార్లు వెనక్కి పంపి మూడోసారి సంతకం పెట్టారు. రెండుసార్లూ అడ్డుపడిన ప్రశ్న ఒక్కటే: వాట్సాప్‌లో లింకు పంపితే, అవతల ఫారం నింపుతున్నది నర్సే అని మీకెలా తెలుస్తుంది? అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ పూర్తిగా లేదు. జవాబు లేదన్న సంగతినే మూడోసారి ప్రొటోకాల్‌లో (పరిశోధన ప్రణాళికలో) పద్ధతిగా రాసి చూపించాను. దానితో కమిటీ మెత్తబడింది.

అంశం ఇది. విజయవాడ, గుంటూరు ప్రైవేటు ఆసుపత్రుల నర్సులకు డ్యూటీలో వాడిన సూది గుచ్చుకుంటే ఆ సంగతి ఎవరికి చెబుతున్నారు, చెప్పకపోతే ఎందుకు చెప్పడం లేదు. ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్ అనగానే మా బ్యాచ్‌లో చాలామంది 'ఫలానా జబ్బుపై తల్లుల అవగాహన' తరహా అంశాలు తీసుకున్నారు. త్వరగా అవుతాయి, తప్పేమీ లేదు. నాకు మాత్రం ఇది పాత బాకీ.

స్టాఫ్ నర్సుగా చేరిన రెండో ఏడాది, నైట్ డ్యూటీ. పన్నెండు పడకలకు నేనొక్కదాన్నే. ఇన్సులిన్ ఇచ్చిన సిరంజికి మళ్లీ క్యాపు పెట్టబోయి సూదిని చూపుడు వేలిలోకి దించుకున్నాను. సబ్బుతో కడుక్కుని, గ్లౌజు తొడుక్కుని పక్క పడక దగ్గరికి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే వచ్చే మొదటి ప్రశ్న 'ఆ పేషెంట్ ఎవరు' కాదు, 'పెట్టకూడదని తెలిసీ క్యాపు ఎందుకు పెట్టావు' అని నాకు తెలుసు. ఆ తర్వాత ఆరు నెలల్లో మూడుసార్లు బస్సెక్కి గుంటూరు వెళ్లి, అరండల్‌పేటలో ఒక ల్యాబ్‌లో వేరే పేరు చెప్పి రక్తపరీక్ష చేయించుకున్నాను. మూడుసార్లూ ఏమీ లేదనే వచ్చింది.

నర్సింగ్ చదివినవారంతా బట్టీ పట్టే 'మూడు'ల లెక్క ఒకటుంది. రోగి రక్తంలో వైరస్ ఉంటే ఒక్క సూదిపోటుతో అది సోకే అవకాశం, టీకా లేనివారికి హెపటైటిస్ బి నూటికి 30 వరకు, హెపటైటిస్ సి సుమారు 3, హెచ్‌ఐవీ 0.3. పరీక్షలో రాస్తే రెండు మార్కులు. రాత్రి రెండు గంటలకు వార్డు సింకు దగ్గర వేలు పట్టుకుని నిలబడితే 0.3 అనేది అంకెలా కనిపించదు.

సర్వేకు సోషల్ మీడియా ఎందుకంటే, రెండో దారి నమ్మదగినది కాదు కాబట్టి. ఆసుపత్రి ఆసుపత్రికీ అనుమతి అడిగి, నర్సింగ్ సూపరింటెండెంట్ చేత ఫారాలు పంచి, మళ్లీ ఆవిడ చేతికే ఇప్పిస్తే 'మీ పైవారికి చెప్పడానికి భయపడ్డారా' అనే ప్రశ్నకు ఎవరైనా నిజం రాస్తారా?

జనవరి 28

గూగుల్ ఫారం మొదటి ప్రతి ఇంగ్లీషులోనే తయారుచేశాను, మనవాళ్లంతా ఇంగ్లీషులోనే కదా చదివారు అని. గుంటూరు కొత్తపేటలో పనిచేసే నా పాత జూనియర్‌కి పంపితే అయిదు నిమిషాల్లో ఫోను చేసింది. "అక్కా, ఇది పరీక్ష పేపర్‌లా ఉంది. మూడో ప్రశ్న దగ్గరే మార్కులు పోతాయేమోనని భయమేసింది." తెలుగులోకి మార్చాలి.

మార్చడం మొదలుపెట్టాక కష్టం తెలిసింది. 'సూది గాయం' అని రాస్తే దర్జీ గుర్తొస్తాడు. 'సూదిపోటు' అంటే ఇంజక్షన్ అనుకోవచ్చు. వార్డులో మనం అనే మాట 'నీడిల్ ప్రిక్ అయింది' అనే. చివరికి 'వాడిన సూది గుచ్చుకోవడం (నీడిల్ ప్రిక్)' అని పెట్టాను. భాషాభిమానులు క్షమించాలి.

ఫిబ్రవరి 5

పైలట్ అంటే పదిమందితో ముందుగా నింపించి చూడడం. లాంఛనం అనుకున్నాను. నా థీసిస్‌ని కాపాడింది ఇదే.

తొమ్మిదో ప్రశ్న: "సూది గుచ్చుకున్న తర్వాత రిపోర్ట్ చేశారా?" పదిమందిలో ఏడుగురు 'అవును' అన్నారు. నా గుండె జారింది. ఇంతమంది చెబుతుంటే ఇక నా పరిశోధన ఎందుకు? ఒక సిస్టర్‌ని విడిగా అడిగాను, ఎవరికి రిపోర్ట్ చేశారు అని. "ల్యాబ్‌లో చేయించాను, నెగటివ్ వచ్చింది" అన్నది. మన ఆసుపత్రి భాషలో రిపోర్ట్ అంటే ల్యాబ్ కాగితం! ఈ మాటను ఇంగ్లీషు పుస్తకంలోంచి తెచ్చి తెలుగు లిపిలో రాసేసి, అర్థం కూడా వెంట వచ్చిందనుకున్నాను.

'నివేదించారా' అని మార్చి, తెలుగు లెక్చరర్ ఒకరికి చూపిస్తే ఆమె నవ్వారు. "గుడిలో నైవేద్యం పెట్టారా అన్నట్టుంది" అన్నారు. చివరికి ప్రశ్న ఇలా తేలింది: "ఆ సంగతి మొదట ఎవరికి చెప్పారు?" కింద ఆప్షన్లు: తోటి నర్సుకు, ఇన్‌చార్జ్ సిస్టర్‌కు, డ్యూటీ డాక్టర్‌కు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు, ఇంట్లోవారికి, ఎవరికీ చెప్పలేదు. థీసిస్ పేరు కూడా అక్కడే పుట్టింది.

పైలట్‌లో బయటపడ్డ ఇంకో సంగతి. ఒకరు ఒకేసారి నింపేలా గూగుల్ ఫారంలో కట్టడి పెట్టవచ్చు. పెడితే, నింపేవారు గూగుల్ ఖాతాతో లోపలికి రావాలి. ఆ ఖాతా మెయిల్ చిరునామా ఫారం పైన వారికి కనబడుతుంది. అది నాకు రాదని పక్కనే ఉన్నా, చదివేదెవరు? "పేరు అడగబోమన్నారు, నా మెయిల్ ఇక్కడుంది కదా సిస్టర్" అని ఇద్దరు ఆగిపోయారు. కట్టడి తీసేశాను. ఇక ఒకే మనిషి రెండుసార్లు నింపినా నాకు తెలియదు. ఒక చేత్తో భయం తీస్తే రెండో చేత్తో లెక్క పోతుంది. ఈ పరిశోధన అంతా ఈ అడకత్తెరలోనే నడిచేలా ఉంది.

ఫిబ్రవరి 13

పేరు లేదు, ఫోను నంబరు లేదు, ఆసుపత్రి పేరు లేదు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు లేదు. కాబట్టి ఎవరూ బయటపడరని నా ధీమా. గైడ్ మేడమ్ ఫారం చూసి, ఏమీ అనకుండా కాగితం మీద ఒక వరుస రాశారు: గుంటూరు, పురుషుడు, డయాలసిస్ యూనిట్, 50 పడకలలోపు ఆసుపత్రి, 11 ఏళ్ల అనుభవం. "ఎవరిది?" అన్నారు. నాకు తెలిసిన మనిషి. పెళ్లికి కూడా వెళ్లాను.

పేరు తీసేసినంత మాత్రాన మనిషి మాయం కాడు. విడివిడిగా ఏ కాలమ్‌కూ ఊరూ పేరూ లేవు, పక్కపక్కన పెడితే ముఖం కనబడుతుంది. అందుకని అనుభవాన్ని అయిదేళ్ల మెట్లుగా మార్చాను. యూనిట్‌ను మూడు గుంపులు చేశాను: ఐసీయూ, క్యాజువాలిటీ, ఆపరేషన్ థియేటర్ లాంటివి ఒకటి, వార్డులు ఒకటి, మిగతావన్నీ ఒకటి. పడకల సంఖ్య తీసేశాను. స్త్రీ, పురుషుడు అన్న ప్రశ్న తీసేయడానికి మనసొప్పలేదు, కానీ మా రంగంలో బ్రదర్లు తక్కువ కాబట్టి వారే ముందు దొరికిపోతారు. అదీ తీసేశాను.

సమ్మతి పత్రం మొదటి పేజీలోనే ఉంది. 'ఒప్పుకోను' నొక్కితే ఫారం అక్కడే ముగుస్తుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు దగ్గర పెట్టుకుని రాస్తే రెండున్నర పేజీలు వచ్చింది. ఫోనులో అంత ఎవరు చదువుతారు? పద్నాలుగు వాక్యాలకు కుదించడానికి మూడు రోజులు పట్టింది.

ఫిబ్రవరి 20

ఈ రోజు వదిలాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టరు, ఫేస్‌బుక్‌లో నర్సుల గ్రూపులు అయిదు, వాట్సాప్‌లో నాకున్న గ్రూపులు తొమ్మిది, ఒక టెలిగ్రామ్ ఛానల్. ఎక్కడి నుంచి ఎంతమంది వస్తారో తెలియడానికి ఒక్కోదానికి వేర్వేరు పొట్టి లింకు.

రాత్రి పది. పోస్టరుకు 200 పైగా లైకులు. జవాబులు 4.

ఫిబ్రవరి 24

ఇన్‌స్టాగ్రామ్ లైకులన్నీ బీఎస్సీ పిల్లలవి. "ఆల్ ది బెస్ట్ మేడమ్" అంటూ హృదయాలు పెట్టారు, పాపం. ఫేస్‌బుక్ గ్రూపుల్లో నా పోస్టు, నార్సెట్ (ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష) మాదిరి ప్రశ్నలకూ గల్ఫ్ ఉద్యోగాల ప్రకటనలకూ మధ్య గంటలో మునిగిపోయింది. వేలమంది సభ్యులని రాసి ఉంటుంది, అందులో కోచింగ్ వారెందరో, ఏజెంట్లెందరో. కమిటీ అడిగిన ప్రశ్న అక్కడ మళ్లీ ఎదురైంది. ఫేస్‌బుక్ నుంచి వచ్చిన వారిని మొదటే ఆపడానికి, 'గత ఏడు రోజుల్లో వార్డులో డ్యూటీ చేశారా' అన్న ప్రశ్న ముందుకు తెచ్చాను. అబద్ధం చెప్పాలనుకునేవారిని అది ఆపలేదు. సరదాగా నొక్కేవారిని ఆపుతుంది.

పనిచేస్తున్నది వాట్సాప్ ఒక్కటే. అదీ గ్రూపులో పడేస్తే కాదు. ఒక సిస్టర్ ఇంకో సిస్టర్‌కి 'ఇది మన అమ్మాయిదే, నింపు' అని విడిగా పంపితే. దీనికి పుస్తకంలో పేరు స్నోబాల్ శాంప్లింగ్, మంచు ఉండ దొర్లుతూ పెద్దదైనట్టు. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడని బెజవాడ మనిషిని, నాకిది ముగ్గు చుక్కల్లా అనిపిస్తుంది. ఒక చుక్క నుంచి గీత ఇంకో చుక్కకు వెళుతుంది. గీత పడని చుక్కలు అలాగే ఉండిపోతాయి. నా స్నేహితులకు స్నేహితులు లేని ఆసుపత్రుల నర్సులు నా లెక్కలోకి రారు.

వాట్సాప్ గురించి ఇంకో తెలివి. బ్రాడ్‌కాస్ట్ జాబితా చేసి ఒకేసారి అందరికీ పంపాను. చాలామందికి చేరలేదు. తమ ఫోనులో నా నంబరు భద్రపరచుకున్నవారికే బ్రాడ్‌కాస్ట్ చేరుతుందని అప్పుడు తెలిసింది. పాత సహోద్యోగుల్లో నా నంబరు ఎవరి దగ్గర ఉంది, ఎవరి దగ్గర లేదన్నది కూడా దానితో తేలిపోయింది. అడగని సర్వే!

ఫిబ్రవరి 27

జవాబులు వచ్చిన వేళలు వరుసగా చూశాను. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య ఒక గుంపు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య ఇంకో గుంపు. రెండోది నైట్ దిగి నెహ్రూ బస్‌స్టేషన్‌లో గుంటూరు బస్సో, నూజివీడు బస్సో ఎక్కి కూర్చున్నవారిది, నాకు బాగా తెలిసిన గంట. మధ్యాహ్నం రెండు గంటలకు, డ్యూటీలు మారే వేళ పంపిన లింకును ఎవరూ ముట్టుకోలేదు. ఇక నుంచి ఉదయం 8:20కి పంపుతాను.

రాత్రి రెండు గంటలకు నింపినవారు డ్యూటీలో ఫోను పట్టుకున్నారన్నమాట. చాలా ఆసుపత్రుల్లో అది తప్పు. ఈ వేళల కాలమ్ కూడా ఒకరి మీద సాక్ష్యమే. ఎవరికీ చూపకూడదు.

మార్చి 3

నిన్న రాత్రి మా జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) బ్యాచ్ గ్రూపులో లింకు కింద మాటలు మొదలయ్యాయి. ఒకరు తమకు జరిగింది చెప్పారు, దానికి ఇంకొకరు. తెల్లవారేసరికి అరవైకి పైగా సందేశాలు. పన్నెండేళ్లుగా ఒకరికొకరు చెప్పుకోనివి. నా ఫారంలోని ఇరవై రెండు ప్రశ్నలూ కలిపి రాబట్టలేనిది అక్కడ వరుసగా ఉంది. మొత్తం కాపీ చేసి ఒక ఫైలులో పెట్టుకుని, పరుగున మేడమ్ దగ్గరికి వెళ్లాను. దీన్ని రెండో భాగంగా, గుణాత్మక (అంకెలు కాక మాటల) విశ్లేషణగా పెడదాం అన్నాను.

మేడమ్ ఫైలు తెరవలేదు. "వాళ్లు ఎవరితో మాట్లాడారు?" అన్నారు. గ్రూపుతో అన్నాను. "ఆ గ్రూపులో మీరు ఎవరు?" బ్యాచ్‌మేట్‌ని. "మరి థీసిస్ రాస్తున్నది ఎవరు?"

జవాబు చెప్పలేకపోయాను. తర్వాత మేడమ్ ఫేస్‌బుక్ ఉదంతం చెప్పారు. 2012 జనవరిలో వారం రోజులపాటు 6,89,003 మంది వాడుకదారులకు కనబడే పోస్టులను మార్చి, దానివల్ల వారి రాతల్లో సంతోషం, విచారం ఎలా మారాయో చూశారు. ఎవరినీ విడిగా అడగలేదు, ఖాతా తెరిచినప్పుడు ఒప్పుకున్న షరతులే సమ్మతి అన్నారు. 2014లో అది పీఎన్‌ఏఎస్ అనే శాస్త్ర పత్రికలో వచ్చాక దుమారం రేగి, సమ్మతి విషయంలో పత్రికే సంపాదకీయంగా ఆందోళన తెలపాల్సి వచ్చింది. "మీది అంత పెద్దది కాదు. కానీ వాళ్లకు ఫేస్‌బుక్ ముఖం తెలియదు. మీ బ్యాచ్‌కి మీ ముఖం తెలుసు" అన్నారు.

ఫైలు తీసేశాను. ఆ సందేశాల్లో ఏముందో ఇక్కడ కూడా రాయను. గ్రూపులో మాత్రం ఇలా పెట్టాను: "రాత్రి మనం మాట్లాడుకున్నవి మనవే, నా థీసిస్‌లోకి రావు. చెప్పాలనిపించినవారు లింకులో చెప్పండి, అక్కడ మీరెవరో నాకు కూడా తెలియదు." ఈ సాయంత్రంలోపు ఆ గ్రూపు లింకు నుంచి 19 జవాబులు వచ్చాయి. ఇన్ని రోజుల్లో ఒక్క గ్రూపు నుంచి ఇన్ని రాలేదు.

మార్చి 12

పొద్దున్నే జవాబుల షీటు తెరిస్తే కళ్లు తిరిగాయి. రాత్రికి రాత్రి 73 కొత్త జవాబులు! మంచు ఉండే దొర్లిందనుకుని అమ్మకు ఫోను చేసి మరీ చెప్పాను.

టీ తాగి మళ్లీ చూశాను. ముప్పై దాకా జవాబుల్లో ప్రతి ప్రశ్నకూ మొదటి ఆప్షనే. రెండు మూడు నిమిషాల తేడాతో ఒకదాని వెంట ఒకటి. చివరి పెట్టెలో 'సర్టిఫికెట్ ఎప్పుడు వస్తుంది', 'పేరు ఇలా రాయండి' అని పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఎవరో మహానుభావుడు నా లింకుకు 'నింపినవారికి ఉచిత ఈ-సర్టిఫికెట్' అని తోక తగిలించి వదిలాడు. మన దగ్గర క్విజ్ నింపితే సర్టిఫికెట్, వెబినార్ వింటే సర్టిఫికెట్, ఎవరిని తప్పుపట్టాలి?

వెనక్కి రప్పించే దారి లేదు. ఒక సందేశం అయిదు చేతులు దాటితే వాట్సాప్ దానికి రెండు బాణాల గుర్తు వేసి, 2020 నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. వేగం తగ్గుతుందే గానీ ఆగదు. పాత ఫారం మూసి, కొత్త లింకుతో ఇంకో ఫారం తెరిచాను. మొదటి వాక్యమే 'దీనికి సర్టిఫికెట్ లేదు'.

మార్చి 14

చెత్త ఏరివేయాలి. ఏది చెత్త? మొదటి ఆప్షన్లే నొక్కినవి సరే. మిగతా నలభైలో నిజమైన నర్సులు ఉండవచ్చు, సర్టిఫికెట్ కోసం వచ్చినా నిజమే చెప్పి ఉండవచ్చు. జవాబులు చదువుతూ ఇది నిజం, ఇది అబద్ధం అని ఏరబోయాను. మేడమ్ ఆపారు. అలా ఏరితే నాకు నచ్చిన జవాబులే మిగులుతాయి.

నియమం ముందు రాయాలి, తర్వాతే షీటు తెరవాలి. కాగితం మీద నాలుగు రాశాం. ఏడు రోజుల్లో డ్యూటీ చేయనివారు వద్దు. ప్రశ్నలన్నిటికీ ఒకే స్థానం నొక్కినవి వద్దు. పొంతన లేని జవాబులు, అంటే 'ఎప్పుడూ గుచ్చుకోలేదు' అని నొక్కి, కింద 'ఇన్‌చార్జ్‌కి చెప్పాను' అన్నవి వద్దు. సర్టిఫికెట్ మాట ఎత్తినవి వద్దు. నాలుగో నియమం నాకు కొంచెం కటువుగానే అనిపించింది. అయినా రాసిన నియమం రాసినట్టే.

2004లో గుంథర్ ఐసెన్‌బాక్ ప్రచురించిన 'చెర్రీస్' అనే చెక్‌లిస్టు ఇంటర్నెట్ సర్వేలకు గీటురాయి. లింకు ఎక్కడెక్కడ పెట్టారు, ఎందరు చూశారు, ఎందరు మొదలుపెట్టారు, ఎందరు ముగించారు, ఒకరే రెండుసార్లు నింపకుండా ఏం చేశారు, అన్నీ చెప్పాలంటుంది. పొట్టి లింకు ఎన్నిసార్లు తెరుచుకుందో చెప్పగలను. మధ్యలో వదిలేసినవారి సంఖ్య గూగుల్ ఫారం చెప్పదు. ఆ గడిలో 'తెలియదు' అని రాస్తాను.

మార్చి చివరి వారం

ఈ భాగానికి తేదీ వేయడం లేదు. కొన్ని మాటలు కూడా మార్చాను. మేడమ్‌ని అడిగే రాస్తున్నాను.

ఉదయం ఏడు ముప్పావుకు షీటు తెరిచాను. తెల్లవారుజామున ఒక జవాబు వచ్చి ఉంది. చివరి పెట్టె, 'ఇంకేమైనా చెప్పాలనుకుంటే' అన్నచోట: ఈ రాత్రే గుచ్చుకుంది, పేషెంట్ సంగతి తెలియదు, ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడేం చేయాలి సిస్టర్?

ఆ 'సిస్టర్' నేనే. అవతలివారెవరో నాకు తెలియదు. తెలియకుండా చేసింది నేనే, నెల రోజులు కష్టపడి, ఒక్కో కాలమ్ చెరిపి మరీ. విజయవాడ, వార్డు, అయిదేళ్లలోపు. అంతే ఉంది. సూర్యారావుపేట ఒక్క పేటలోనే ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని వార్డులు, ఎందరు అయిదేళ్లలోపువారు?

హెచ్‌ఐవీ నివారణ మందు మొదటి మోతాదు రెండు గంటల్లోపు పడితే మేలు. 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు. రెండు గంటలు ఎప్పుడో దాటాయి. మేడమ్‌కి ఫోను చేసేసరికి నా గొంతు నాకే వింతగా ఉంది. వార్డుల వెంట తిరిగి అడుగుతానన్నాను. "అడిగితే మీకు దొరుకుతారు. మీతో పాటు ఇన్‌చార్జ్‌కి కూడా దొరుకుతారు" అన్నారు. చేయగలిగింది ఒకటే, లింకు వెళ్లిన ప్రతి గ్రూపుకూ జవాబును పంపడం.

నేను రాసిన మొదటి వాక్యం 'మీలో ఒకరికి నిన్న రాత్రి' అని మొదలైంది. మేడమ్ దాన్ని కొట్టేశారు. ఆ వాక్యం చదివిన ప్రతి వార్డులోనూ పొద్దునకల్లా వెతుకులాట మొదలవుతుంది. చివరికి వెళ్లింది ఇది:

"వాడిన సూది గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడగండి. పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్, బ్లీచింగ్, బెటాడిన్ పోయవద్దు. వీలైనంత త్వరగా, రెండు గంటల్లోపు అయితే మంచిది, ఏమైనా సరే 72 గంటలు దాటకుండా, ప్రభుత్వ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రానికో వెళ్లండి. మందు అవసరమని డాక్టర్ అంటే 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేసుకున్నారో లేదో వారికి చెప్పండి. వెళ్లడానికి సంకోచమైతే ముందు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయండి, డబ్బు పడదు. నివారణ మందు అందే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆసుపత్రిదే. క్యాపు ఎందుకు పెట్టారన్నది తర్వాతి సంగతి."

చివరి వాక్యం శాస్త్రీయం కాదు, తీసేద్దామా అని మేడమ్ అడిగారు. ఉంచుదామన్నాను. ఉంచారు.

ఎనిమిది ఇరవైకి ఇరవై మూడు గ్రూపులకు పంపాను. ఫారం నింపాక వచ్చే 'ధన్యవాదాలు' పేజీలో కూడా అదే పెట్టాను. అది మొదటి రోజే ఉండాల్సింది. సూది గురించి ఇరవై రెండు ప్రశ్నలు అడిగి, గుచ్చుకున్న మనిషికి ఏమీ చెప్పకుండా పంపించే ఫారం తయారుచేసి, దానికి కమిటీ చేత సంతకం పెట్టించుకున్నాను. వారికీ తోచలేదు, నాకూ తోచలేదు.

మూడో రోజు

72 గంటలు ఈ తెల్లవారుజామున అయిపోయాయి. మూడు రోజులుగా గంటకోసారి షీటు తెరుస్తున్నాను, అదే మనిషి మళ్లీ ఏమైనా రాస్తారేమోనని. రాసినా అదే మనిషి అని నాకు తెలియదు కదా. తెరుస్తూనే ఉన్నాను.

సాయంత్రం తెనాలి నుంచి వదిన ఒక సందేశం పంపింది: "నువ్వు నర్సువి కదా, పనికొస్తుంది." నా సందేశమే. పైన రెండు బాణాలు. నెల రోజుల్లో నా సర్వే లింకు కృష్ణ దాటి గుంటూరు చేరడానికి నానా తంటాలు పడ్డది, ఇది మూడు రోజుల్లో వదినదాకా వెళ్లింది.

ఏప్రిల్ 4

మార్పుల గురించి కమిటీకి ఉత్తరం రాశాను. ఇందులో ఒక చిక్కుంది. నా ఫారంలో 'ఎన్ని గంటల్లోపు వెళ్లాలో తెలుసా' అన్న ప్రశ్న ఉంది. సందేశం వెళ్లాక నింపినవారిలో ఆ జవాబు సరిగ్గా చెప్పినవారు ఎక్కువ ఉంటారు, నేనే చెప్పాను కాబట్టి. పరిశోధన పరంగా నా డేటాలో నేనే నీళ్లు కలిపాను. మేడమ్ సలహా: సందేశానికి ముందువి, తర్వాతవి రెండు విడతలుగా విడదీయాలి, అవగాహన ప్రశ్నలకు మొదటి విడతనే లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకో దాచకుండా రాయాలి. వైవాలో (మౌఖిక పరీక్షలో) అడుగుతారు. అడగనివ్వండి.

ఏప్రిల్ 21

ఫారం మూసేశాను. నియమాల ప్రకారం ఏరివేతలు పోగా 291 మిగిలాయి. ప్రొటోకాల్‌లో రాసుకున్నది 384. ఎంతమందిని అడగాలో చెప్పే సూత్రం ఒకటుంది, అందులో నూటికి 95 నమ్మకం, 5 తేడా, సగం మంది 'అవును' అంటారన్న అంచనా వేస్తే అందరికీ వచ్చేది అదే 384. మా సీనియర్ల థీసిస్‌లన్నిటిలోనూ ఉంటుంది. దిగులుపడుతుంటే మేడమ్ అన్నారు, ఆ సూత్రం లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్న నమూనాకు, స్నేహితుల స్నేహితుల ద్వారా వచ్చినవారు 384 అయినా 3,840 అయినా అది మీకు వర్తించదు అని. మరి ప్రొటోకాల్ రోజున ఎందుకు చెప్పలేదు మేడమ్ అని అడగాలనిపించింది. అడగలేదు.

కాబట్టి 'విజయవాడ, గుంటూరు నర్సుల్లో ఇంత శాతం' అని నేను రాయలేను. 'మాకు జవాబు చెప్పిన 291 మందిలో' అనే రాస్తాను. ఫలితాలు ఇక్కడ పెట్టను, లెక్కలు ఇంకా తేలలేదు. 'ఎవరికీ చెప్పలేదు' గడి మాత్రం ఖాళీగా లేదు, అంతవరకు చెప్పగలను.

మే 6

ఎండ మండిపోతోంది. రేపు గుంటూరు బ్రాడీపేటలో గణాంకాలు చూసిపెట్టే మాస్టారికి షీటు ఇవ్వాలి. ఇచ్చే ముందు వేళల కాలమ్ తీసేయాలి, చివరి పెట్టెలోని మాటలను విడిగా దాచి, మాస్టారికి అంకెలే ఇవ్వాలి. నేనే రాసుకున్న నియమం.

ఆ ఒక్క వరుసకు మార్చిలో పసుపు రంగు వేసి ఉంచాను. ఈ రోజు మేడమ్ చూసి, అది తీసేయండి, రంగు వేసినా గుర్తుపెట్టుకున్నట్టే అన్నారు. రంగు తీసేశాను. వేళల కాలమ్ తీసేశాను. వరుసలన్నీ కలిసిపోయేలా క్రమం మార్చేశాను. ఇక ఆ సిస్టర్ 291 మందిలో ఎక్కడున్నారో నేను కూడా చెప్పలేను.

ఉదయం 8:40 బస్సుకు టికెట్ తీసుకున్నాను.